గోడలు తాగిన నీళ్లు

తెల్లాపూర్‌లో మా ఆడబిడ్డ కూతురు స్వప్న కొత్తగా కొనుక్కున్న ఫ్లాట్ చూడడానికి పోయిన నెల వెళ్లాను. పటాన్‌చెరులో బస్సు ఎక్కి, దిగాక ఆటో పట్టుకుని, గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లకు నా పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పుకుని లోపలికి పోయేసరికి పొద్దెక్కింది. స్వప్న మంచి పిల్ల. చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించింది. వంటిల్లు, బాల్కనీ, దేవుడి గది అయ్యాక ఒక్కో తలుపూ తీసి బాత్రూములు చూపించడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉండేది ముగ్గురు, బాత్రూములు నాలుగు. నాలుగోది వచ్చిపోయేవాళ్ల కోసమట. "ఎవరొస్తరత్తమ్మా, ఊకెనే పడి ఉంటది" అంది నవ్వుతూ. అంతలో వంటింట్లో గిన్నెలు తోముతున్న అమ్మాయి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మేడమ్, జెర కిందికి పొయ్యొస్త" అంది. ఎందుకని నేను అడిగితే స్వప్న గొంతు తగ్గించి, పనివాళ్ల కోసం కింద సెల్లార్‌లో వేరే కట్టారనీ, అది అసోసియేషన్ పెట్టిన రూలనీ చెప్పింది. తలుపు తెరిచే ఉంది. ఆ అమ్మాయి లిఫ్టు కోసం ఎదురుచూస్తూ ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ నిలబడింది. అట్లా నిలబడడం నాకు బాగా తెలుసు. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో మా అత్త సత్తెమ్మ ప్రతి సాయంత్రం పని దిగే వేళకు సరిగ్గా అట్లాగే నిలబడేది.

మా పుట్టిల్లు జోగిపేట వైపు. పదో తరగతి తప్పగానే పటాన్‌చెరు సంబంధం చూసి పెళ్లి చేశారు. ఆయన మందుల కంపెనీలో హెల్పర్. మామ నేను రాకముందే పోయాడు. ఆడబిడ్డ పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. పాత ఊళ్లో ఒక గది, ముందు రేకుల వసారా, అంతే మా సంసారం. ఆయన అంగీ విప్పితే మందుల వాసన, అత్త చీర విప్పితే సిమెంటు వాసన. రెండూ ఒకే దండెం మీద ఆరేవి. సాయంత్రం గాలి తిరిగితే కంపెనీల వైపు నుంచి కుళ్లిన పండ్లలాంటి వాసన వచ్చేది, కిటికీ మూసినా ఆగేది కాదు. బోరు నీళ్లు పసుప్పచ్చగా వస్తుండడంతో తాగే నీళ్లకు పంచాయతీ నల్లా దగ్గరికి పోయి వరుసలో నిలబడేవాళ్లం. మా అత్త బిందె నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి నడిచేది. ఎత్తుగా, ఎముకల మనిషి. నవ్వితే పై పన్ను ఒకటి బయటికొచ్చేది. ఎవరినైనా చూసి మాట్లాడాలంటే ముందు ఒక్క క్షణం కళ్లు చిట్లించేది, ఎండలో నిలబడి నిలబడి ఆ అలవాటు నీడలో కూడా పోలేదు.

ఆమె ఇళ్లు కట్టే పనికి పోయేది. ఇసుక జల్లించడం, సిమెంటు మాలు కలపడం, ఇటుకలు మోయడం, తట్ట నెత్తిన పెట్టుకుని నిచ్చెనలెక్కడం. నేనొచ్చిన కొద్దిరోజులకే నన్నూ వెంట తీసుకుపోయింది. మొదటి రోజు చీకటితో లేపి, వంట చేసి, జొన్నరొట్టె, పచ్చిపులుసు గిన్నెలో కట్టి, ఒక చెంబు నీళ్లు నా చేతికిచ్చింది. "మొత్తం తాగు. ఇగ మాపటిదాక పనికాడ నీళ్ల జోలికి పోకు" అంది. దాహమైతే ఎట్లా అని అడిగాను. కొంగుముడి విప్పి ఇంత చింతపండు తీసి చూపించింది. "గిది బుగ్గకు పెట్టుకో. నోరు తడిగుంటది. ఆడిదానికి పనికాడ దాహమైతే పనే సాగదు." ఆమె అదేదో పెద్ద విద్య నేర్పుతున్నట్టే చెప్పింది, నేనూ అట్లాగే నేర్చుకున్నాను. ఎందుకు తాగకూడదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పనికాడికి పోయి చుట్టూ చూసినాక దానంతటదే తెలిసింది. నాలుగు దిక్కులా ప్లాట్లు, వాటిలో సగం కట్టిన గోడలు, ప్రతి గోడ మీదా మగవాళ్లు. మగవాళ్లకు ఏ గోడ వెనకైనా సరిపోతుంది. ఆడవాళ్లకు తుమ్మచెట్లుండే చోటికి రోడ్డు దాటి అంత దూరం పోవాలి. పోయి వచ్చేలోపు మేస్త్రి పేరు పెట్టి అరుస్తాడు, ఆ అరుపు విన్న వాళ్లందరికీ మనం ఎక్కడికి పోయామో తెలిసిపోతుంది. ఆ సిగ్గు కంటే ఎండిన నాలుకే నయమనిపించేది.

నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఒకటుంది. మేం పొద్దంతా నీళ్లతోనే పనిచేసేవాళ్లం. డ్రమ్ములకు నీళ్లు నింపేది మేము, మాలులో పోసేది మేము, కొత్తగా కట్టిన గోడలు తడిపేది మేము. మా మేస్త్రి యాదగిరి చెడ్డవాడు కాదు, కానీ గోడల విషయంలో మహా పట్టుదల మనిషి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రతి గోడ మీదా నీళ్లు కారేదాకా పోయించేవాడు. "తాగనీయుండ్రి దాన్ని, కడుపునిండ తాగనీయుండ్రి. తాగకుంటే బలమేడికెళ్లొస్తది" అని కింద నుంచి కేకలేసేవాడు. మేం బుగ్గన చింతపండు పెట్టుకుని గోడలకు కడుపునిండా తాగించేవాళ్లం. ఎండలో వేడెక్కిన ఇటుక మీద నీళ్లు పడగానే సుయ్యిమని ఒక చప్పుడు, మట్టి వాసన. ఆ వాసనకు నోరూరేది. కొత్తగా వచ్చిన ఆడవాళ్లెవరైనా చెంబు ఎత్తితే యాదగిరి మా అత్తను చూపించి, "సత్తెమ్మను సూసి నేర్సుకోండ్రి, పొద్దుగూకేదాక నీళ్లు ముట్టది" అనేవాడు. ఆ మాటకు మా అత్త నడుము ఇంకాస్త నిటారయ్యేది. నీళ్లు తాగకపోవడం ఆమెకు ఒక పేరు తెచ్చిపెట్టింది. పేదవాళ్లకు పేరు రావడం ఎంత అరుదో తెలిసినవాళ్లు ఆమెను చూసి నవ్వరు.

ఇంటికొచ్చాక అసలు ఆమె నీళ్లు తాగడం చూడాలి. వచ్చీరాగానే పెరటి వైపు పోయి, కాళ్లు కడుక్కుని, గడపలో కూలబడి చెంబు మీద చెంబు ఎత్తేది. పెనం మీద చల్లినట్టు ఎక్కడి నీళ్లక్కడ ఇంకిపోయేవి. రాత్రి పడుకున్నాక నడుము పట్టుకుని మూలిగేది. మంట, చలి జ్వరం. "ఒంట్ల వేడి చేసింది" అని బార్లీ కాచుకునేది, ధనియాలు నానబెట్టుకునేది, సబ్జా గింజలు తాగేది. ఆ వీధిలో పనికి పోయే ఆడవాళ్లందరి ఇళ్లల్లోనూ పొయ్యి మీద బార్లీ ఉడికే వాసన వచ్చేది. అందరికీ వేడే చేసేది. అందరూ రాత్రి చల్లబరుచుకుని పొద్దున మళ్లీ చింతపండు కొంగున ముడేసుకునేవాళ్లు. నాకూ మంట మొదలైంది. కొత్త కోడలిని, ఎవరికి చెప్పుకుంటాను. అత్త కాచుకున్న బార్లీలోంచి నాకు తెలియనట్టు ఒక గ్లాసు నేనూ తాగేదాన్ని. ఆమె చూసీ చూడనట్టు రెండో రోజు నుంచి గింజలు రెండింతలు వేసింది.

అప్పుడు మేం పనిచేస్తున్నది కొత్తగా వేసిన కాలనీలో ఒక ఇంటికి. ఇంటాయన సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆయనకు షిఫ్టులు కావడంతో ఆయన భార్య కృష్ణవేణి గారు రోజూ పొద్దున్నే క్వార్టర్స్ నుంచి బస్సులో వచ్చి, వేపచెట్టు కింద మడతకుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని సాయంత్రం దాకా పని చూసేది. సన్నగా, తెల్లగా, మాటకు ముందు గొంతు సవరించుకునే మనిషి. సిమెంటు సంచులు ఎన్ని విప్పామో ఆమె కళ్లతోనే లెక్కపెట్టుకుంటుందని మేం చాటుగా అనుకునేవాళ్లం. ఆమె పక్కన ఎప్పుడూ ఒక ఫ్లాస్కు ఉండేది. మూతలో కొంచెం పోసుకుని పెదాలు తడుపుకుని మూత పెట్టేసేది. పెద్దింటి వాళ్లు అట్లాగే మర్యాదగా తాగుతారు కాబోలు అనుకున్నాం.

ఒకరోజు ఎండాకాలం మధ్యాహ్నం అత్త మాలు తట్ట ఎత్తబోయి తట్ట మీదే ఒరిగిపోయింది. ఒళ్లు పెనంలా కాలుతోంది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నలుగురం మోసి వేపచెట్టు కిందికి తెచ్చాం. కృష్ణవేణి గారు కుర్చీ ఖాళీ చేసి, ఫ్లాస్కులో నీళ్లన్నీ అత్త నెత్తిన పోసింది. ఆటోలో వేసుకుని సంగారెడ్డి సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. అక్కడ డాక్టరమ్మ పరీక్ష చేయించి, మూత్రం ఎన్నిసార్లు పోతావని అడిగింది. అత్త గోడ వైపు చూస్తూ, "పొద్దుగాలొకసారి, మాపటికొకసారి" అంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకు పట్టింది, అప్పుడే కొంత దెబ్బ తగిలింది, ఇక ఆపుకోకూడదు, గంటగంటకూ నీళ్లు తాగాలి, లేకపోతే ప్రాణం మీదికొస్తుంది అని డాక్టరమ్మ మెల్లగానే చెప్పింది. ఆమె కసురుకోలేదు. మందులు రాస్తూ రాస్తూ తలెత్తి నా వైపు చూసి, "నువ్వు కూడా ఆమెతోనే పనికి పోతావా?" అని అడిగింది. పోతానన్నాను. "నీకూ మంటగా ఉంటుందా?" నేను తల దించుకున్నాను. ఆమె ఇంకో చీటీ తీసి నాకూ రాసింది. అత్త ఆ రెండో చీటీ వైపు చాలాసేపు చూసింది.

తిరుగు బస్సు రుద్రారం దాటింది. అత్త కిటికీలోంచి చూస్తూనే, "నాదంటె అయింది. నీకు గూడ నేనే నేర్పిన గదనే" అంది. నేను ఏదో అనబోయాను. "ఊకో" అంది. ఇంకాస్త దూరం పోయాక, "డాక్టరమ్మ తాగుమన్నది. తాగుడు కష్టం గాదు. తాగినంక యాడికి పోవాలె? గది మనమే అడగాలె" అంది. కళ్లు చిట్లించి రోడ్డు పక్కన లేస్తున్న గోడల వైపు చూస్తోంది. ఆ చూపు చూశాక నాకు భయం వేసింది. మా అత్త ఏదైనా మనసులో పెట్టుకుందంటే దాని అంతు చూసేదాకా వదలదు.

వారం తిరక్కుండానే ఆ ఇంటికి స్లాబు. స్లాబు రోజంటే ఇల్లు కట్టేవాళ్ల మధ్య పండగ. పొద్దున కొబ్బరికాయ కొట్టి కాంక్రీటు మిషను తిప్పితే పైన చివరి మూల నిండేదాకా ఆపకూడదు. మధ్యలో ఆగితే అతుకు పడుతుంది, అతుకు పడితే వానకు కురుస్తుంది. అందుకే ఆ రోజు అందరూ చెమటలు కక్కుతూ పనిచేస్తారు, పని ముగిశాక ఇంటివాళ్లు యాటను కోసి, కల్లు తెప్పించి దావత్ ఇస్తారు. యాట కొయ్యకపోతే స్లాబు పగులుతుందని మా వాళ్లలో గట్టి నమ్మకం. ఆ రోజు కూడా యాట వచ్చేసింది. సెంట్రింగ్ కర్రకు కట్టేస్తే ఖాళీ సిమెంటు సంచి నములుతూ నిలబడింది. మగవాళ్లు దాని చుట్టూ తిరుగుతూ కాళ్లు ఎవరికి, తలకాయ ఎవరికి అని అప్పుడే పంపకాలు మొదలుపెట్టారు. ఇంటాయన సెలవు పెట్టి వచ్చాడు. పసుపు, కుంకుమ, అగరుబత్తులు, కొబ్బరికాయ, అన్నీ అయ్యాయి. యాదగిరి తువ్వాలు తలకు చుట్టుకుని, "పట్టుండ్రి తట్టలు" అని కేకేశాడు.

ఎవరూ పట్టలేదు. మా అత్త తన తట్టను బోర్లించి దాని మీద కూర్చుంది. పక్కనున్న ఆమె బోర్లించింది. వరుసగా ఆడవాళ్లందరం తట్టలు బోర్లించి కూర్చున్నాం. ముందు రోజు నల్లా దగ్గర వరుసలోనే అత్త అందరికీ చెప్పిపెట్టింది. మిషను ఖాళీగా తిరుగుతోంది.

"ఏందే సత్తెమ్మ, గిదేం తమాష? జల్దీ లెవ్వుండ్రి" అన్నాడు యాదగిరి.

"యాదగిరన్నా, ఒక్క మాట ఇను. మాకు దావత్ వద్దు" అంది అత్త. "యాట వద్దు, కల్లు వద్దు. గా పైసలు పెట్టి ఆ మూలకు నాలుగు గోడలు లేపి, ఒక తలుపు పెట్టుండ్రి. మాకు జాగ గావాలె."

"ఏం జాగ?"

"ఒంటికి పోయే జాగ."

మగవాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వి, నవ్వు ఎవరూ అందుకోకపోవడంతో దగ్గాడు. ఇంటాయన రోడ్డు మీద ఏదో బండి వస్తున్నట్టు అటు తిరిగాడు. యాదగిరి ముఖం ఎర్రబడింది. ఆయనకు కోపం కంటే సిగ్గే ఎక్కువైందని నాకిప్పుడు అనిపిస్తుంది. "ఇంతమంది మొగోళ్ల ముందట గా ముచ్చటేంది? ఇజ్జత్ లేదా?" అన్నాడు. వెనక నుంచి ఎవరో, "యాట కొయ్యకుంటె స్లాబు నిల్వది. అది కురిస్తె జిమ్మెదారెవరు?" అని అరిచారు.

మా అత్త లేవలేదు. గొంతు పెంచలేదు. "ఇజ్జత్ కొరకే గదన్నా ఇన్నేండ్లు పొద్దంత ఎండుకున్నం" అంది. "మొన్న పడిపోయిన. నా కిడ్నీలు కరాబయినయట. నా కోడలికి ఇంక ఇరవై నిండలె, దానికి గూడ షురూ అయింది. గోడకు పొద్దుగాల, మాపటికి నువ్వే దగ్గరుండి నీళ్లు తాగిపిస్తివి. తాగకుంటె బలం రాదని నువ్వే అంటివి. మేం గోడ పాటి చెయ్యమా? స్లాబు కురిస్తె నన్ను అడుగు. నేనే జిమ్మెదారి."

మిషను అట్లాగే తిరుగుతోంది. ఇంటాయన మేస్త్రి వైపు, మేస్త్రి ఇంటాయన వైపు చూసుకుంటున్నారు. వేపచెట్టు కింద కుర్చీ చప్పుడైంది. కృష్ణవేణి గారు లేచి నిలబడి గొంతు సవరించుకుంది. "కట్టించండి మేస్త్రి గారూ" అంది. భర్త ఏదో అనబోతే ఆయన వైపు చూడకుండానే, "నాక్కూడా కావాలండీ. పునాది తీసినప్పట్నించి రోజూ సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటున్నాను. ఇంటికెళ్లేదాకా నేనూ గుక్కెడు నీళ్లు తాగట్లేదు. ఎవరికి చెప్పమంటారు?" అంది. అంటూండగానే మెడ దాకా కందిపోయింది, కానీ కూర్చోలేదు. ఆ ఫ్లాస్కు మూతలో పెదాలు తడుపుకోవడం మర్యాద కాదని అప్పుడు అర్థమైంది మాకు. అంతవరకూ ఆమె మమ్మల్ని కాపలా కాస్తోందనుకున్నాం, ఆమె కూడా మాలాగే పొద్దు గడుపుతోందని ఒక్కరికీ తట్టలేదు.

ఇంటాయన, "సరే, రేపు చూద్దాం" అన్నాడు. మా అత్త తట్ట మీద నుంచి కదలలేదు. "రేపు గాదు సారు. ఇప్పుడే ముగ్గు పొయ్యిండ్రి, సాలు" అంది. కట్టబోయే గోడలకు నేల మీద సున్నంతో గీతలు గీయడాన్ని మా పనిలో ముగ్గు పోయడమంటారు. ముగ్గు పోశాక మాట తప్పడం మేస్త్రికి నామోషీ. యాదగిరి ఒక్క క్షణం ఆమె వైపు చూసి, విసవిసా పోయి డబ్బాలో సున్నం తీసుకుని, తాడు పట్టించి, ప్లాటు వెనక మూలన నాలుగు గీతలు గీశాడు. కోపంలో గీసినా గీతలు తిన్నగానే వచ్చాయి. తలుపు ఎటు ఉండాలని గట్టిగా అడిగాడు. "రోడ్డు దిక్కు వద్దు" అని మేమందరం ఒకేసారి అన్నాం. అప్పుడు అత్త లేచి తట్ట తిప్పింది. మేమూ తిప్పాం. ఆ రోజు మేం మోసినట్టు కాంక్రీటు ఎప్పుడూ మోయలేదు. పొద్దు వాలకముందే చివరి మూల నిండింది.

యాటను తిరిగి దాని ఇంటికి తోలేశారు. కృష్ణవేణి గారు పెద్ద గిన్నెలో పులిహోర, పెరుగన్నం తెప్పించింది. ఆ సాయంత్రం మా మగవాళ్లు తిన్నంత దుఃఖంగా పులిహోర ఎవరూ ఎక్కడా తిని ఉండరు. ఒక వారం దాకా మా అత్తతో ఒక్కడు కూడా సరిగ్గా మాట్లాడలేదు. మొదటి వాన పడే వరకూ అందరి కళ్లూ ఆ స్లాబు మీదే. వాన పడ్డ రోజు యాదగిరి గది గదికీ తిరిగి తల ఎత్తి చూశాడు, వెనకాల మగవాళ్లందరూ తలలెత్తి చూశారు. చుక్క కూడా కారలేదు. మా అత్త పైకి ఏమీ కనిపించనివ్వలేదు గానీ ఆ రాత్రి నిద్రలో మూలగకుండా పడుకుంది. యాదగిరి మాత్రం అదంతా తన చేతి పనితనమని కాలనీ అంతా చెప్పుకున్నాడు. చెప్పుకోనిచ్చాం.

గోడలు లేచి రేకుతలుపు పడ్డ రోజు వేపచెట్టు కింద కొత్త కుండ పెట్టారు. నడిమధ్యాహ్నం, తిండి తిన్నాక, అత్త కుండ దగ్గరికి పోయింది. అందరం చేతులు ఆపి చూస్తున్నాం. చెంబు ముంచింది. ఆమెకూ కొత్తగానే ఉన్నట్టుంది, ఒకసారి చుట్టూ చూసి, కొంగుముడిలో చింతపండు తీసి ఇసుకలోకి విసిరేసి, చెంబెత్తి గటగటా తాగింది. గొంతు మీద నరాలు కదలడం కనిపించింది. తర్వాత చెంబు నా చేతికిచ్చింది. నేను తాగి పక్కావిడకిచ్చాను. చివరికి చెంబు కృష్ణవేణి గారి దగ్గరికి పోయింది. ఆమె ఫ్లాస్కు పక్కనే ఉంది, అయినా చెంబే తీసుకుంది. మా ఇళ్లల్లో బార్లీ కాచుకోవడం ఎప్పుడు తగ్గిందో ఎవరం గమనించలేదు.

ఒక ఇంటితో ఆగిపోయేది కాదది. పటాన్‌చెరు అడ్డా మీద పొద్దున్నే కూలీల కోసం మేస్త్రిలు, కాంట్రాక్టర్లు వచ్చేవాళ్లు. మా అత్త కూలి ఎంతని అడిగేముందు, "జాగ ఉన్నదా?" అని అడిగేది. లేదంటే పోయేది కాదు. మొదట్లో ఆమెను చూసి నవ్వి, పక్కవాళ్లను ఎక్కించుకుని పోయేవాళ్లు. మేం గిన్నెలు పట్టుకుని ఇంటికి తిరిగొచ్చిన పొద్దులు చాలానే ఉన్నాయి. మా ఆయన కొన్నాళ్లు గొణిగాడు, తర్వాత గొణగడం మానేశాడు, ఎందుకంటే ఆమె వినదు. మెల్లమెల్లగా పక్కనున్న ఆడవాళ్లూ అదే అడగడం నేర్చుకున్నారు. చివరికి మేస్త్రిలే బండి దిగుతూ దిగుతూ, "జాగ ఉన్నదమ్మా, ఎక్కుండ్రి" అనే రోజొచ్చింది. గోనెపట్టాలు కట్టిందో, రేకులు నిలబెట్టిందో, ఏదో ఒకటి. పునాది కంటే ముందు అది లేవాలి. కృష్ణవేణి గారు ఇల్లు పూర్తయ్యాక కూడా ఆ మూల గదిని కూల్చనివ్వలేదు. పక్కా గోడలు కట్టించి, నల్లా పెట్టించి, పనిమనిషి, చెత్త బండి ఆమె, ఎండన పడి వచ్చే కూరగాయలామె ఎవరైనా వాడుకోవచ్చని గేటుకు తాళం లేకుండా గొళ్లెం మాత్రమే పెట్టించింది. నేను తర్వాత పదో తరగతి పరీక్ష మళ్లీ కట్టి పాసై అంగన్‌వాడీలో చేరాను. పలక మీద పిల్లలకు అ, ఆలు నేర్పేముందు నేను చూసుకున్నది కూడా అదే, ఈ బడికి జాగ ఉందా లేదా అని. లేకపోతే పెట్టించేదాకా పంచాయతీ మెట్లు దిగలేదు.

ఇప్పుడు మా చుట్టుపక్కల లేచే ఇళ్లు మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూడాల్సినంత ఎత్తు. కట్టేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు, రేకుల షెడ్లలో ఉంటున్నారు, వాళ్ల నెత్తిన టోపీలున్నాయి, కాళ్లకు బూట్లున్నాయి. కొన్ని చోట్ల గేటు పక్కన ప్లాస్టిక్ గదులు కూడా ఉన్నాయి. మంచిదే. కానీ వాటిలో నీళ్లుంటున్నాయా, ఆ ఎత్తు నుంచి దిగి రావడానికి ఆడమనిషికి తీరుతుందా అని నాకు అనుమానం. కట్టడం మారింది, కట్టినాక అందులో ఎవరు ఎక్కడికి పోవచ్చో నిర్ణయించే బుద్ధి మాత్రం అక్కడే ఉంది. ఆ రోజు స్వప్న ఇంట్లో నేను ఊరుకోలేదు. మీ అమ్మమ్మ సంగతి తెలుసా అని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. తెలియదంది. అమ్మమ్మ కూలి పనికి పోయేదని మాత్రమే తెలుసట. అంతా విన్నాక, "అసోసియేషన్ వాళ్లు అడిగితె ఏం చెప్పాలత్తమ్మా?" అంది. నన్ను పిలువు, నేనొచ్చి చెప్తానన్నాను. పనమ్మాయి పైకి వచ్చాక స్వప్న ఆమెను పిలిచి ఆ నాలుగో తలుపు చూపించింది. ఇప్పటిదాకా అసోసియేషన్ నుంచి ఎవరూ అడగలేదట. అడిగితే పోవడానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

మా అత్తకు ఆ జాగ ఆలస్యంగా దొరికింది. డాక్టరమ్మ అన్నట్టు అప్పటికే లోపల కొంత పాడైంది. చాలా ఏళ్లు లాక్కొచ్చింది గానీ, చివరికి కాళ్లు వాచాయి, ముఖం వాచింది, పట్నంలో పెద్ద దవాఖానలో చేర్చాం. కిడ్నీలు పనిచేయడం లేదని, ఒంట్లో నీరు నిలిచిపోతోందని, ఇక రోజంతటికీ చిన్న గ్లాసుడు నీళ్లకు మించి ఇవ్వొద్దని చెప్పారు. నాకు ఆ మాట ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. నర్సమ్మే చెప్పింది. మా అత్త కళ్లు చిట్లించి విన్నది. "అప్పుడు తాగనియ్యకపాయిరి, ఇప్పుడు తాగొద్దనవడితిరి" అంది. నర్సమ్మ ఏదో సర్దిచెప్పబోతే, "నిన్ను గాదు బిడ్డా" అంది.

ఎండాకాలం. వార్డులో ఫ్యాను వేడిగాలి తిప్పుతోంది. ఆమె పెదాలు ఎండి చెక్కులు లేస్తుంటే తడిగుడ్డతో అద్దుతూ కూర్చున్నాను. నా పక్కన ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల చెంబు ఉంది. పొద్దటి నుంచి నేను దాన్ని ముట్టలేదు. ఆమె ముందు తాగడానికి నాకు మనసొప్పలేదు. దాహమైతే బయటికి పోయి తాగొచ్చని అనుకున్నాను, అదీ పోలేదు. మధ్యాహ్నం ఆమె కళ్లు తెరిచి చెంబు వైపు చూసింది, నా నోటి వైపు చూసింది. ఆమెకు తెలిసిపోయింది. ఎవరు ఎప్పటి నుంచి తాగలేదో నోరు చూసి చెప్పగల మనిషి ఆమె.

"పొద్దుగాలకెళ్లి తాగలె గదా నువ్వు" అంది.

దాహం లేదన్నాను.

"నాకు సెప్తవా?" అంది. వాచిన చెయ్యి లేపి చెంబు వైపు చూపించింది. "తాగు. ఈడ్నే తాగు, నా ముందట. నా వంతు గూడ నువ్వే తాగాలె ఇగ."

నేను చెంబు ఎత్తాను. మొదటి గుక్క దిగలేదు. ఆమె చూస్తూనే ఉంది. కింద పెట్టనివ్వలేదు. చెంబు అడుగు కనిపించేదాకా ఆమె కళ్లు నా గొంతు మీద నుంచి తిప్పలేదు.